నాలుగోసారి గ్యాస్

సిత్ర రోడ్డు మీద మా క్లినిక్.
ఎదురుగా టైర్ల కొట్టు, పక్కన కరక్ చాయ్.
సాయంత్రం ఆరింటికి కంపెనీ బస్సులు దించిపోతే
హాల్లో సిమెంటు వాసన కుర్చీలెక్కి కూర్చుంటుంది.

భూమేశ్ రావడం ఇది నాలుగోసారి.
ఛాతీలో మంట, అరచేతుల్లో చెమట.
"గ్యాసే సిస్టర్, ఆ తెల్ల గోలీలే రాయించుండ్రి."
ఫైలు తెరిస్తే మూడు రాతలూ నావే:
గ్యాస్. గ్యాస్. గ్యాస్, నీళ్ళు ఎక్కువ తాగమన్నాం.
ఈసీజీ గీత మూడుసార్లూ
బడిపిల్లల వరసలా బుద్ధిగా నడిచింది.

డాక్టర్ ఇహ్సాన్‌ది సూడాన్. కొత్తగా వచ్చింది.
బయట ఇరవై మంది ఉన్నా
మనిషి చెప్పే చివరి ముక్క దాకా ఆగుతుంది.
కలానికి మూత పెట్టి
"నిద్ర ఎలా ఉంది, అడుగు" అంది నాతో.

"రెండింటికి మెలకువైతది.
పై బంకు రేకు చూస్కుంట పంట.
నాలుగున్నరకు బస్సు. నడుమ ఏం లేదు."

ఆకలి?
"తింట. ఉప్పు తెలుస్తలేదు."

ఎందుకలా? ఇది ఆమె అడగలేదు, నేనే.
టోకెన్ కాగితాన్ని రెండుగా, నాలుగుగా మడిచి
"రంది, సిస్టర్" అన్నాడు.

నాది బొబ్బిలి. మాకు బెంగ ఉంది, దిగులుంది,
రంది లేదు.
దానికి ఇంగ్లీషులో ఏ చొక్కా తొడగాలో తెలీక
"శాడ్" అన్నాను డాక్టరుతో,
బిందెడు నీళ్ళని చెంచాతో అందించినట్టు.

అతనే సర్దాడు:
"బాధ కాదు. బాధైతే ఏడిస్తే పోతది.
ఇది బూజు లెక్క, దులిపిన కాడ్నే మళ్ళ పడుతది.
ఇగ బుగులు. లిఫ్టు తలుపు పడంగనే
గుండె బయటికొచ్చి కొట్టుకుంటది."

రందీ, బుగులూ.
అక్కాచెల్లెళ్ళిద్దరూ మూడుసార్లు
నా బల్ల ముందు కూర్చుని వెళ్ళారు,
గ్యాస్ అన్న దొంగపేరుతో.

చివరి ప్రశ్న డాక్టరు నెమ్మదిగా అడిగింది.
తెలుగులోకి మోసుకొస్తూ దారిలో సగం పారబోశాను:
"బాగా విసుగొస్తుందా?"
"వస్తది."
ఆమె నన్నే చూసింది. తెలుగు రాదు గానీ
అంత ప్రశ్నకి ఇంత మాట చాలదని తెలుసు.
"నేనడిగిందే అడుగు. అడిగితే కొత్తగా పుట్టదు,
ఉన్నదే బయటికొస్తుంది."

అడిగాను. గొంతు నాది కాదు.
"చచ్చిపోవాలని ఎప్పుడైనా అనిపించిందా, భూమేశ్?"

ఏసీ కింది బకెట్లో ఏడెనిమిది చుక్కలు పడ్డాయి.

"అనిపిచ్చుడని కాదు...
పరంజ మీద, పదకొండో అంతస్తుల,
బెల్టు కొక్కెం తగిలియ్యాలె గద.
ఈ నెలల మూడు దినాలు తగిలియ్యలే.
మర్శిపోలే. తగిలియ్యలే."

డాక్టరు కుర్చీ బల్లకి ఇవతలకి జరుపుకుంది.

ఆ రాత్రి చేసింది పెద్దగా ఏమీ లేదు.
రక్తం తీశాను, థైరాయిడ్ చూడ్డానికి.
పొద్దున్నే పెద్దాసుపత్రికి ఉత్తరం.
ఫోర్‌మన్‌కి చీటీ: నేల మీద పనే ఇవ్వాలి.
కారణం రాయలేదు, అతను వద్దన్నాడు.
గదిలో నమ్మేదెవర్నంటే లచ్చన్న పేరు చెప్పాడు.
పిలవమంటేనే పిలిచాం.
ఆయన ఎడమ చెప్పు కుడికాలికి వేసుకుని పరిగెత్తుకొచ్చాడు.

మాత్ర చూసి "పిచ్చిదా?" అన్నాడు భూమేశ్.
"పాప పుట్టాక ఎనిమిది నెలలు నేనూ మింగాను" అన్నాను.
మా ఆయనకి తప్ప ఎవరికీ చెప్పని మాట.
"మూడు వారాలు ఏమీ తెలీదు. మానకు."
నేనూ మింగాను. అయినా రాశాను, గ్యాస్, గ్యాస్, గ్యాస్.

గురువారం వచ్చాడు. మంట అలాగే ఉందట.
మూడున్నర దాకా పడుకున్నాడట, ఒక్క రోజు.
కొక్కెం గురించి డాక్టరు మళ్ళీ అడిగింది.
ఈసారి నేను ఒక్క ముక్కా పారబోయలేదు.

ఆమె డైరీలో రంది ఇప్పుడు
కుడి నుంచి ఎడమకి నడుస్తోంది, అరబ్బీ అక్షరాల్లో.

ఇవాళ టోకెన్ పద్నాలుగు. రిఫాలో ఇంటిపని చేసే మనిషి,
మోకాళ్ళ నొప్పులట, మూడోసారి.
కలానికి మూత పెట్టాను.
"నిద్ర పడుతోందా, అమ్మా?"